వద్దని చెప్పగల దుకాణం: డైమండ్ పార్కు సందులో కరెన్సీ మార్పిడి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో, డైమండ్ పార్కుకు దగ్గరి సందుల్లో ఒకదానిలో, జిరాక్సు సెంటరు పైన మొదటి అంతస్తులో నడుస్తున్న ఒక చిన్న విదేశీ కరెన్సీ మార్పిడి దుకాణం గురించి ఈ సమీక్ష. దుకాణం పేరు రాయవద్దని యజమాని కోరారు. ఉన్న మూడు కుర్చీలూ ఇప్పటికే చాలడం లేదన్నది ఆయన చెప్పిన కారణం, అది నిజం కూడా. గత ఏడాది మే నుంచి ఇప్పటివరకు నేను అక్కడికి ఐదుసార్లు వెళ్లాను. మొదటిసారి మావారితో కలిసి యూరప్ యాత్రకు, తరువాత మస్కట్‌లో ఉన్న అక్క దగ్గరికి అమ్మను పంపడానికి, ఆపై మా మేనల్లుడి వియత్నాం ప్రయాణానికి, నాతో కలిసి పనిచేసిన ఒక టీచరు గారి భూటాన్ యాత్రకు తోడుగా, చివరగా మిగిలిన నోట్లు తిరిగి ఇచ్చేయడానికి.

ఇలాంటి దుకాణాన్ని మనవాళ్లు ఒకే ప్రశ్నతో తూస్తారు: డాలరు ఎంతకిస్తున్నాడు? అది అడగవలసిన ప్రశ్నే. అయితే ఐదు సార్లు వెళ్లివచ్చాక, నేను అంతకంటే ముందు చూడవలసింది మరొకటి ఉందనుకుంటున్నాను. మనం చెప్పిన దేశంలో ఏ నోటు చెల్లుతుందో, ఏది చెల్లదో, ఏది ఇక్కడ కొనడం దండగో అవతలి మనిషికి తెలుసా, తెలిసినా తన అమ్మకం తగ్గుతుందని తెలిసి కూడా చెబుతాడా అన్నది. ఈ దుకాణంలో నాకు నచ్చింది అదే.

యూరప్ యాత్ర విషయంలో నా అజ్ఞానాన్ని దాచుకోను. ఇటలీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, చెక్, హంగరీ, డెన్మార్క్ దేశాలు మా పట్టికలో ఉన్నాయి. అన్నీ యూరప్‌లోనివే కనుక అన్నింటికీ యూరోలే అనుకున్నాను. అంతకు ముందు రోజు నగరంలోనే మరోచోట, ఏసీ హాలు, టోకెన్ నంబర్లు ఉన్న ఒక పెద్ద కౌంటరుకు వెళితే అక్కడి అబ్బాయి ఏ ఊళ్లకని అడగకుండానే మొత్తం సొమ్ముకు యూరోలు లెక్కగట్టాడు. ఆ రోజు పాన్ కార్డు ఇంట్లో మరిచిపోవడం వల్ల బేరం ఆగింది. మతిమరుపు కలిసివచ్చిన సందర్భాలు జీవితంలో తక్కువే.

ఈ సందులోని యజమాని మాత్రం ముందు టికెట్లు చూపించమన్నారు. మా ఆరు దేశాల్లో యూరో నడిచేది ఇటలీలో, ఆస్ట్రియాలో మాత్రమేనని, మిగిలిన నాలుగింటికి నాలుగు వేర్వేరు కరెన్సీలని ఒక కాగితం మీద రాసి ఇచ్చారు: స్విట్జర్లాండ్‌కు ఫ్రాంకు, చెక్‌కు కొరునా, హంగరీకి ఫోరింట్, డెన్మార్క్‌కు క్రోనె. ఐరోపా సమాఖ్యలో సభ్యత్వం వేరు, యూరోను వాడటం వేరు. సమాఖ్యలో 27 దేశాలుంటే యూరో తీసుకున్నవి 21. డెన్మార్క్ ఒప్పందంలోనే మినహాయింపు పొంది తన క్రోనెను నిలుపుకుంది, కానీ దాని విలువను యూరోకు 7.46 దరిదాపుల్లో కట్టి ఉంచుతుంది. స్వీడన్ ప్రజలు 2003లో ఓటు వేసి యూరో వద్దన్నారు. పోలండ్‌లో జ్లోటి, రుమేనియాలో లెయు ఇంకా నడుస్తున్నాయి. దీనికి పూర్తి తిరుగుడుగా, సమాఖ్యలో సభ్యత్వమే లేని మాంటెనెగ్రో, కొసోవోలు యూరోనే వాడుకుంటున్నాయి. స్విట్జర్లాండ్ పక్కనున్న చిన్న దేశం లీక్టెన్‌స్టైన్ స్విస్ ఫ్రాంకునే తన కరెన్సీగా చేసుకుంది. ఇదంతా ఆయన ఉపన్యాసంలా చెప్పలేదు. మా వెనుక ఇద్దరు నిలబడి ఉండగా, నోట్లు లెక్కపెడుతూ, మధ్యలో వేలు తడి చేసుకుంటూ చెప్పారు.

ఆపైన చెప్పిందే నాకు ఆశ్చర్యం కలిగించింది. యూరోలు, కొద్దిగా ఫ్రాంకులు ఇస్తాను, కొరునా, ఫోరింట్ మాత్రం నా దగ్గర అడగవద్దన్నారు. తెప్పించలేక కాదట. అవి విశాఖలో ఎవరూ నిల్వ పెట్టరు కనుక ముంబై నుంచో ఢిల్లీ నుంచో రప్పించాలి, ఆ దారిలో రేటు పాడవుతుంది, మిగిలితే తిరిగి కొనేవాడు ఇక్కడ ఉండడు. ప్రేగ్‌లోనూ బుడాపెస్ట్‌లోనూ ఏటీఎంలో అవసరమైనంత తీసుకోవడమే మేలని, మిషను ‘రూపాయల్లో లెక్క కట్టమంటారా, స్థానిక కరెన్సీలోనా’ అని అడిగితే ఎప్పుడూ స్థానిక కరెన్సీనే నొక్కాలని, రూపాయలని నొక్కితే ఆ మార్పిడి రేటు మిషను యజమాని నిర్ణయించిందై ఖరీదు పడుతుందని చెప్పారు. బుడాపెస్ట్‌లో మావారు అలవాటుకొద్దీ రూపాయల మీట మీదికి వేలు పోనిస్తే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ ఒక్క మాటకే ఈ దుకాణానికి రుణపడి ఉన్నాను.

500 యూరోల నోటు ఎవరైనా ఇస్తే తీసుకోవద్దన్న హెచ్చరిక కూడా అక్కడిదే. ఆ నోటు ఇప్పటికీ చట్టబద్ధమైనదే అయినా 2019 నుంచి కొత్తగా విడుదల చేయడం లేదు, చిన్న దుకాణాల్లో దాన్ని చూస్తే ముఖం తిప్పుకుంటారు. మాకు ఆయన ఇచ్చినవి ఇరవైలు, యాభైలు. వంద నోట్లు రెండే. పెద్ద కౌంటరులో అబ్బాయి కట్ట విప్పకుండా అన్నీ వందలే చూపించిన సంగతి గుర్తుంది.

రేట్ల పట్టిక దగ్గర కాస్త ఆగాలి. గోడ మీద పెద్ద బోర్డు ఒకటి ఉంటుంది. దేశం పేరు, కరెన్సీ పేరు, మూడక్షరాల సంకేతం, కొనుగోలు ధర, అమ్మకం ధర. చివరి రెండు గడులు రోజూ మారుస్తారు, మొదటి మూడింటిని మాత్రం చాలా ఏళ్లుగా ముట్టుకున్నట్టు లేదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు క్రొయేషియాకు ఎదురుగా ఇంకా ‘కునా’ అనే ఉంది. ఆ దేశం 2023 జనవరి 1నే యూరోకు మారిపోయింది. కునా అంటే వాళ్ల భాషలో ముంగిసను పోలిన ఒక చిన్న అడవి జంతువు. పూర్వం దాని తోలుతో పన్నులు కట్టేవారట. ఈ మధ్య వెళ్లినప్పుడు బల్గేరియాకు ఎదురుగా ‘లెవ్’ కనిపించింది. అది కూడా 2026 జనవరి 1తో ముగిసింది, ఒక యూరోకు 1.95583 లెవ్‌ల లెక్కన. నోటితో అంత కచ్చితంగా చెప్పే మనిషి గోడ మీద ఇంత అశ్రద్ధగా ఉండటం నాకు మింగుడు పడలేదు. బోర్డు చూసి నమ్మేవాళ్లు యజమానితో మాట్లాడేవాళ్లకంటే ఎక్కువ.

అయితే ఆ బోర్డే నాకు కొంత వినోదం ఇచ్చింది. సంకేతాల్లో మొదటి రెండక్షరాలు దేశానివి, మూడోది సాధారణంగా కరెన్సీ పేరులో మొదటిది. మన ఐ.ఎన్.ఆర్. అలాంటిదే. మరి స్విస్ ఫ్రాంకు సి.హెచ్.ఎఫ్. ఎందుకైందంటే, నాలుగు అధికార భాషలున్న ఆ దేశం ఏ ఒక్క భాషకూ పక్షపాతం చూపకుండా లాటిన్‌లో ఉన్న ‘కన్ఫెడరాషియో హెల్వెటికా’ అనే పేరును తీసుకుంది. నాలుగైదు దేశాలు ఒకే మాటను తలో ఉచ్చారణతో వాడటం కూడా ఆ బోర్డు ముందు నిలబడినప్పుడే గమనించాను. డెన్మార్క్, నార్వేల క్రోనె, స్వీడన్ క్రోనా, ఐస్‌లాండ్ క్రోనా, చెక్ కొరునా, అన్నిటికీ అర్థం కిరీటమే, కానీ ఒక కిరీటం మరో దేశంలో చెల్లదు. చైనా యువాన్, జపాన్ యెన్, కొరియా వోన్ కూడా గుండ్రనిది అని అర్థమిచ్చే ఒకే చైనా లిపి అక్షరం నుంచి వచ్చినవి. మన రూపాయి బంధువర్గం ఇంకా పెద్దది: నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మారిషస్, సీషెల్స్ దేశాల్లో రూపాయి, ఇండోనేషియాలో రుపియా, మాల్దీవుల్లో రుఫియా. పేరు కలిసినంత మాత్రాన నోటు చెల్లుతుందనుకోకూడదు. కొలంబో వెళ్తున్న ఒక దంపతులు ‘అక్కడా రూపాయలే కదండీ’ అనడం నేను ఆ గదిలోనే విన్నాను. యజమాని నవ్వలేదు. డాలర్లు ఇచ్చి పంపారు.

ఉత్తరాంధ్ర వాళ్లకు గల్ఫ్ కొత్త కాదు. ఈ దుకాణానికి వచ్చేవారిలో సగం మంది అటు వెళ్లేవారో, అటు నుంచి వచ్చేవారో. అమ్మను మస్కట్ పంపడానికి ఒమన్ రియాళ్ల కోసం వెళ్లినప్పుడు ఆయన ముందు ఒక నోటు తీసి బల్ల మీద పెట్టారు. దాని మీద పెద్ద అంకెల్లో 100 అని ఉంది. ‘ఇదెంతమ్మా?’ అని అమ్మనే అడిగారు. వంద రియాళ్లని అమ్మ అంది. అది వంద బైసాలు. ఒమన్ రియాలుకు వెయ్యి బైసాలు కనుక అది రియాలులో పదోవంతు. వంద రియాళ్లని చెప్పి దాన్ని అంటగట్టేవాళ్లు ఉంటారని, ఒమన్‌లో 50 రియాళ్లకు మించిన నోటే లేదన్న ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఎవరూ మోసం చేయలేరని చెప్పారు. అమ్మ ఆ మాటను విమానం ఎక్కేదాకా వల్లె వేసుకుంది.

బైసా అన్నది మన పైసాయే. అక్కడిదాకా ఎలా వెళ్లిందో తెలుసుకుంటే ఆ నోటును చూసే చూపు మారుతుంది. ఒకప్పుడు గల్ఫ్ తీరమంతటా మన రూపాయే చెలామణి అయ్యేది. దాన్ని అడ్డం పెట్టుకుని బంగారం దొంగ రవాణా పెరిగిపోవడంతో 1959లో భారత ప్రభుత్వం ఆ ప్రాంతానికి మాత్రమే చెల్లే వేరే రంగు నోట్లను, వరుస సంఖ్య ముందు ‘జడ్’ అక్షరంతో, రిజర్వు బ్యాంకు చేత విడుదల చేయించింది. వాటినే గల్ఫ్ రూపాయలు అనేవారు. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దీనార్లు తెచ్చుకున్నాయి. 1966 జూన్‌లో మన ప్రభుత్వం డాలరుకు 4.76గా ఉన్న రూపాయిని 7.50కి తగ్గించేసరికి మిగిలిన ప్రాంతాలూ దానికి దండం పెట్టాయి. ఒమన్ మాత్రం 1970 వరకు అంటిపెట్టుకుని ఉంది. తాతల కాలంలో అక్కడ మన నోటు నడిచిన చోటే ఇప్పుడు మనవలు వాళ్ల నోటు సంపాదించి ఇంటికి పంపుతున్నారు.

గల్ఫ్ కరెన్సీల్లో నేను అడిగిన మరో ప్రశ్నకు వచ్చిన జవాబు నాకు బాగా ఉపయోగపడింది. దిర్హాము రేటు తగ్గేదాకా ఆగమంటారా అని అడిగితే, దిర్హాముకు విడిగా తగ్గడం, పెరగడం లేదన్నారు. ఎమిరేట్స్ దిర్హాము డాలరుకు 3.6725 చొప్పున, సౌదీ రియాలు 3.75 చొప్పున, ఖతార్ రియాలు 3.64 చొప్పున స్థిరంగా కట్టి ఉంచినవి. బహ్రెయిన్ దీనారు, ఒమన్ రియాలు కూడా అంతే. మనం చూడవలసింది డాలరుతో రూపాయి ఎలా ఉందన్నది ఒక్కటే. కువైట్ దీనారు మాత్రం 2007 నుంచి పలు కరెన్సీల బుట్టతో ముడిపడి ఉంది కనుక అది కొద్దిగా వేరే నడక నడుస్తుంది. దీనారన్న పేరు విని కువైట్, ఇరాక్, జోర్డాన్ ఒకటే అనుకునేవారు రోజుకొకరైనా వస్తారట. కువైట్ దీనారు ఒక యూనిట్ లెక్కన ప్రపంచంలో అన్నిటికంటే ఖరీదైనది, ఇరాక్ దీనార్లు వెయ్యికి పైగా పోగేస్తే గాని డాలరు రాదు.

మా మేనల్లుడి వియత్నాం ప్రయాణం దగ్గర దుకాణం నుంచి వచ్చిన సలహా క్లుప్తంగా ఉంది. డాంగ్ ఇక్కడ దొరకదు, దొరికినా కొనవద్దు, కొత్త డాలర్లు పట్టుకెళ్లి హనోయిలో మార్చుకో. అక్కడి నోట్లలో అతి పెద్దది 5,00,000 డాంగ్‌లు, 20,000 నోటూ నీలిరంగులోనే ఉంటుంది కనుక రాత్రివేళ ఆటో వాడికి ఒకదానికి బదులు మరొకటి ఇచ్చే ప్రమాదం ఉందని హెచ్చరించారు. వాడు యువకుడు, విన్నాడు గాని సగమే విన్నాడు. డాలర్లలో కొన్ని ఇక్కడ, కొన్ని మరో కౌంటరులో తీసుకున్నాడు. రెండో చోట ఇచ్చిన నోట్లలో ఒకదాని మూల మీద ఎవరో సిరాతో ముద్ర వేసి ఉంది. హనోయిలో దాన్ని తిప్పి ఇచ్చేశారు. అమెరికా తన పాత నోట్లను రద్దు చేయదు, 1861 నుంచి ముద్రించినవన్నీ ఈనాటికీ చెల్లుతాయి, కానీ అది అమెరికాలో. ఆగ్నేయాసియాలో మారకం వ్యాపారి ముందు మడత, గీత, చిరుగు ఏది ఉన్నా నోటుకు విలువ పడిపోతుంది. సందులోని దుకాణంలో ప్రతి డాలరునూ వెలుగుకెత్తి చూపించి, నచ్చనిది మార్చుకోమంటారు. ఆ రెండు నిమిషాల ఓపికకు కూడా ధర ఉంటుందని మావాడికి అక్కడ తెలిసింది. తిరుగు ప్రయాణంలో వాడు కంబోడియా మీదుగా వచ్చాడు. అక్కడ డాలర్లే చేతులు మారతాయి, డాలరుకు లోపలి చిల్లర మాత్రం రియెల్‌లలో ఇస్తారు.

భూటాన్ యాత్రకు వెళ్తున్న టీచరు గారితో వెళ్లినప్పుడు వ్యాపారం జరగనే లేదు. ఆవిడ ‘భూటాన్ డబ్బు కావాలి’ అంటే ఆయన చేతులు జోడించి, అక్కడి ఙుల్ట్రమ్ మన రూపాయితో సరిసమానమని, మన నోట్లు అక్కడ చట్టబద్ధంగా చెల్లుతాయని, తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన ఙుల్ట్రమ్‌లే ఇక్కడ ఎవరూ తీసుకోరు కనుక వాటిని అక్కడే ఖర్చు పెట్టుకోమని చెప్పి పంపేశారు. నేపాల్ సంగతీ దగ్గరలోదే. మన వంద రూపాయలకు అక్కడి 160 రూపాయలని స్థిరమైన లెక్క. పెద్ద నోట్ల విషయంలో మాత్రం బయలుదేరే ముందు అప్పటి నిబంధన చూసుకోవాలన్నారు. ఒక్క రూపాయి ఆదాయం లేని ఆ పావుగంటే ఈ దుకాణం మీద నాకు నమ్మకం కుదిర్చింది.

విశాఖ ఓడరేవు ఊరు. ఈ దుకాణానికి అసలు ఖాతాదారులు ఓడల్లో పనిచేసేవారే. జీతం డాలర్లలో తెచ్చుకునేవారికి యజమాని కుర్చీలోంచి లేచి మర్యాద చేస్తారు. నా నాలుగో రాకలో భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక ఇంజన్‌రూము పనివాడు తన వంతు కోసం కూర్చుని, జేబులోంచి కొన్ని నోట్లు తీసి చూపించాడు. సెనెగల్ రేవు డకార్‌లో మిగిలినవి. ఆ తరువాత ఓడ కామెరూన్‌లోని డౌలాకు వెళ్లింది. అక్కడా సీఎఫ్ఏ ఫ్రాంకే కదా అని ఇవ్వబోతే తీసుకోలేదట.

ఇది నాకు పూర్తిగా కొత్త విషయం. పశ్చిమాఫ్రికాలో సెనెగల్, మాలి, నైజర్, బెనిన్, టోగో, బుర్కినా ఫాసో, కోత్ దివువార్, గినీ బిస్సావు ఎనిమిది దేశాలకు ఒక సీఎఫ్ఏ ఫ్రాంకు. మధ్య ఆఫ్రికాలో కామెరూన్, చాద్, గాబోన్, కాంగో రిపబ్లిక్, ఈక్వటోరియల్ గినీ, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ ఆరింటికి మరో సీఎఫ్ఏ ఫ్రాంకు. రెండూ యూరోకు 655.957 చొప్పునే కట్టి ఉన్నాయి. విలువలో దమ్మిడీ తేడా లేదు. అయినా ముద్రించే కేంద్ర బ్యాంకులు వేరు కనుక ఇక్కడి నోటు అక్కడ చెల్లదు. ఇంకో చిక్కు ఏమిటంటే, వీటి మధ్యనే ఉన్న గినీ ఈ రెండింటిలోనూ లేదు, దానికి సొంత ఫ్రాంకు ఉంది. ఆఫ్రికాలో పేర్లలో గినీ ఉన్న మూడు దేశాలకు మూడు వేర్వేరు నోట్లు. నేను పాఠశాలలో ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను, ఆ పాఠాల్లో ఎక్కడా ఇది లేదు. ఆ అబ్బాయి నోట్లను యజమాని కొనలేదు. కొంటానని తక్కువ రేటుకు లాక్కోనూ లేదు. అటు వెళ్లే మరో నావికుడు దొరికితే ఇచ్చేయమని చెప్పి, ఆ మాటతోపాటు డాలర్లకు రూపాయలు లెక్కపెట్టి ఇచ్చారు.

అదే కుర్రవాడు పనామా గురించి చెప్పింది కూడా రాయదగినది. ఆ దేశపు కరెన్సీ పేరు బల్బోవా. డాలరుతో సమానంగా లెక్క. కానీ చేతికి వచ్చేవి బల్బోవా నాణేలే, నోట్లన్నీ అమెరికా డాలర్లే. ఈక్వడార్, ఎల్ సాల్వడార్, తూర్పు తిమోర్‌లు కూడా డాలరునే సొంతం చేసుకున్నాయి. మన సంగతి వేరు గాని, సొంత నోటు లేకపోవడం చిన్నతనంగా భావించని దేశాలు ప్రపంచంలో మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి.

ఇక రేట్లు, నిబంధనలు. దుకాణం దగ్గర రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉంది. తలుపు పక్కనే కనిపించేలా తగిలించారు. రేటు విషయంలో ఇది ఊళ్లోకెల్లా చవకైనది కాదు. నేను మూడు చోట్ల కనుక్కున్న రోజున యూరో ధరలో ఇది మధ్యలో నిలిచింది. అయితే చెప్పిన రేటే రశీదులో ఉంటుంది. జీఎస్టీని విడిగా చూపిస్తారు. లక్ష రూపాయల లోపు మార్పిడికి దాని విలువలో ఒక శాతాన్ని, కనీసం 250 రూపాయలను, సేవ విలువగా తీసుకుని దాని మీద 18 శాతం వేస్తారు. అంటే తక్కువలో తక్కువ 45 రూపాయలు, లక్షకైతే 180. దీనికి మించి ‘సర్వీసు చార్జి’ అంటూ ఎవరైనా గుండ్రటి అంకె చెబితే అదేమిటని అడగాలి. పాన్ కార్డు, పాస్‌పోర్టు, టికెట్టు తప్పనిసరి. 50,000 రూపాయలు దాటితే నగదు తీసుకోరు, ఖాతా నుంచి చెల్లించాలి. చాలా దేశాలకు ఒక ప్రయాణంలో చేతి నోట్లుగా 3,000 డాలర్ల విలువ వరకే ఇస్తారు, మిగిలింది విదేశీ కరెన్సీ నింపుకునే ప్రయాణపు కార్డులో వేయించుకోవాలి. యూరోలు నింపిన కార్డును డెన్మార్క్‌లో గీస్తే క్రోనెకు మార్చినందుకు మరో రుసుము పడుతుందని ముందే చెప్పారు. అందుకే అక్కడ మేము కార్డును హోటలుకు మాత్రమే వాడాము.

లోపాలు లేకపోలేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా షట్టరు దించేస్తారు, ఆ సంగతి బయట ఎక్కడా రాయరు. నేను మే ఎండలో మెట్ల మీద అరగంట కూర్చున్నాను. ఫోను సాధారణంగా ఎత్తరు. థాయ్ బాత్, మలేషియా రింగిట్ లాంటి మామూలు కరెన్సీలు కూడా రెండు రోజుల ముందు చెబితే గాని ఉండవు. సింగపూర్‌కు ఇక్కడి నుంచి నేరుగా విమానం ఉన్నా, ఒకసారి సింగపూర్ డాలర్లు కూడా అయిపోయాయని మా పొరుగాయన తిరిగి వచ్చారు. రశీదు ముద్రణ ఎంత వెలవెలబోతుందంటే, నాలుగు నెలల తరువాత నా రశీదు మీద తేదీ తప్ప ఏమీ మిగలలేదు. ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది, ఎందుకంటే తిరిగి ఇచ్చేటప్పుడు దాన్ని అడుగుతారు. పెద్దవాళ్లకు ఆ నిటారైన మెట్లు కష్టం. అమ్మను ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది.

చివరిసారి వెళ్లింది మిగిలిన నోట్లు ఇచ్చేయడానికి. తిరిగి వచ్చిన 180 రోజుల లోపు మిగులు విదేశీ కరెన్సీని అప్పగించాలన్నది నియమం, 2,000 డాలర్ల విలువ దాకా మాత్రం మన దగ్గర ఉంచుకోవచ్చు. నా దగ్గర ఉన్నది అందులో పదోవంతు కూడా కాదు. యూరోలు ఆయన కొనుగోలు ధరకు తీసుకున్నారు. రెండు ధరల మధ్య తేడా రూపేణా నాకు నష్టం వచ్చింది, అది ఎక్కడైనా తప్పదు. పది ఫ్రాంకుల నోటును మాత్రం ‘మళ్లీ వెళ్లకపోయినా ఉంచుకోండి మేడమ్, నిలువుగా అచ్చు వేసిన నోటు పిల్లలకు చూపించుకోవచ్చు’ అని తిరిగి నా చేతిలోనే పెట్టారు. నాణేలు ఎవరూ తీసుకోరు. వాటిని దాచుకోవడానికి పరిమితి లేదు కనుక చెక్ కొరునాలు, డెన్మార్క్ మధ్యలో రంధ్రమున్న నాణేలు మా ఇంట్లో అగ్గిపెట్టెలో ఉన్నాయి.

వచ్చేముందు గోడ మీది బోర్డును చూశాను. క్రొయేషియా, బల్గేరియాల ఎదురుగా తెల్ల కాగితం ముక్కలు అంటించి యూరో అని స్కెచ్‌పెన్నుతో దిద్దారు. నేను చెప్పిన మాట విన్నారని సంతోషించాను. కింది వరుసలో ఈక్వడార్‌కు ఎదురుగా మాత్రం ఇంకా సుక్రే అనే ఉంది. 2000లోనే ఆ దేశం దాన్ని వదిలి డాలరు తీసుకుందని గుర్తుచేస్తే, ఇన్నేళ్లలో ఈక్వడార్ టికెట్టుతో ఒక్కరూ ఈ మెట్లెక్కలేదని, ఎవరైనా ఎక్కిన రోజు ఆ కాగితం కూడా అంటిస్తానని ఆయన అన్నారు.